అర్థశాస్త్రం సొంతంగా చదవాలంటే ఏ పుస్తకాలు?

గురువు లేకుండా అర్థశాస్త్రం నేర్చుకోవాలనుకునేవారు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. చేతిలోని పుస్తకం సిద్ధాంతం చెప్పేదా, దేశ ఆర్థిక పరిస్థితిని వివరించేదా? డిమాండు, సప్లయి, ఉత్పత్తి వ్యయం, ధర నిర్ణయం వంటి పాఠాలు ఇరవై ఏళ్ల నాటి పుస్తకంలోవైనా పనికొస్తాయి. భారత ఆర్థిక వ్యవస్థ మీద రాసిన పుస్తకం అలా కాదు, త్వరగా పాతబడుతుంది.

అలా ఎలా పాతబడుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్–ముంబయి రహదారి మీద, జహీరాబాద్ దాటాక కర్ణాటక సరిహద్దున ఉన్న చిరాగ్‌పల్లి ఒకప్పుడు చెక్‌పోస్టుకు పేరుపడ్డ ఊరు. 2017 జులై 1న జీఎస్టీ అమల్లోకి రావడంతో రాష్ట్రాలు వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశాయి. అంతకుముందు అచ్చయిన పుస్తకం చదివితే వ్యాట్, కేంద్ర అమ్మకపు పన్ను ఇంకా పాత పద్ధతిలోనే నడుస్తున్నాయని అనుకోవాల్సి వస్తుంది. ప్రణాళికా సంఘం స్థానంలో 2015 జనవరి 1న నీతి ఆయోగ్ వచ్చింది. రెపో రేటు నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ 2016లో ఏర్పడింది. ఈ మార్పులు లేని పుస్తకం ఎంత చవగ్గా దొరికినా కొనకపోవడమే మేలు.

సిద్ధాంతానికి తెలుగులో మంచి ఆరంభం తెలుగు అకాడమీ ఇంటర్మీడియట్ పాఠ్యపుస్తకాలు. తర్వాత అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం బీఏ పాఠాలు చదవొచ్చు. తరగతికి రాలేని విద్యార్థి కోసమే రాసినవి కనుక సొంతంగా చదివేవారికి బాగా నప్పుతాయి. ఇంగ్లిషు చదవగలిగితే ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితం.

పుస్తకం మంచిదో కాదో తెలుసుకోవడానికి తెలిసిన పంటతోనే పరీక్ష పెట్టాలి. జహీరాబాద్ చుట్టుపక్కల చెరకూ పండుతుంది, అల్లమూ పండుతుంది. చెరకుకు కేంద్రం ఏటా న్యాయమైన, లాభదాయకమైన ధర ప్రకటిస్తుంది. అల్లానికి అలాంటి హామీ లేదు. ఒక ఏడాది ధర పెరిగితే మరుసటి ఏడాది చాలామంది అల్లమే వేస్తారు. అందరి సరుకూ ఒకేసారి మార్కెట్‌కు రాగానే ధర పడిపోతుంది. దీన్ని సప్లయి రేఖతో, కాలవ్యవధితో కలిపి వివరించుకునే శక్తి పాఠకుడికి ఇచ్చేదే సరైన పుస్తకం. నిర్వచనం, లక్షణాలు, పరిమితులు అంటూ అంకెలు వేసి వదిలేసే పోటీ పరీక్షల గైడు మార్కులు తెచ్చిపెట్టవచ్చు గానీ ఆలోచన నేర్పదు. ప్రతి అధ్యాయం చివర లెక్కలూ ప్రశ్నలూ ఉండాలి, జవాబులు కూడా ఉండాలి. తప్పు దిద్దేవారు లేనిచోట ఆ పని పుస్తకమే చేయాలి.

పై మెట్టున శామ్యూల్సన్ ‘ఎకనామిక్స్’ ఉంది. 1948లో తొలిసారి వచ్చింది, 1985 నుంచి నోర్డ్‌హౌస్ సహరచయిత. మాన్‌క్యూ పుస్తకం మరింత సులువుగా సాగుతుంది, కూడికలూ తీసివేతలూ గ్రాఫులూ వస్తే చాలు. ఉదాహరణలు మాత్రం ఎక్కువగా అమెరికావి. డబ్బు పెట్టలేనివారికి కోర్ అనే అర్థశాస్త్రవేత్తల బృందం రాసిన ‘ది ఎకానమీ’ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. అసమానత, పర్యావరణం వంటివి అందులో మొదటి నుంచీ ప్రధాన పాఠంలో భాగమే. వేరియన్ ‘ఇంటర్మీడియట్ మైక్రోఎకనామిక్స్’ను కలన గణితం కొంత వచ్చాకే తెరవడం మంచిది.

తాజా గణాంకాల కోసం కొత్త పుస్తకం కొనక్కర్లేదు. కేంద్ర ఆర్థిక సర్వే, తెలంగాణ సామాజిక ఆర్థిక చిత్రం ఏటా వెలువడతాయి, రెండూ ఇంటర్నెట్‌లో ఉచితమే. సిద్ధాంతం కొంత పట్టుబడ్డాక చదివితేనే ఆ పట్టికల్లోని అంకెలు దేన్ని చెబుతున్నాయో తెలుస్తుంది.