కట్టిన ఫీజు వాపసు వస్తుంది

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో కూరగాయలు అమ్మే ఒక తల్లి ఉందనుకుందాం. పైసా పైసా కూడబెట్టింది. బిడ్డను ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేర్పించింది. 20,000 రూపాయల ఫీజు కట్టింది. వారానికే బిడ్డకు సర్కారు కాలేజీలో సీటు వచ్చింది.

"కట్టిన ఫీజు వాపసు ఇయ్యం. సర్టిఫికెట్లు కూడా ఇయ్యం" అన్నారు కాలేజీవాళ్లు.

అట్లా అనవచ్చా? అనగూడదు.

యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్‌ను యూజీసీ అంటారు. 2018లో యూజీసీ ఒక నియమం పెట్టింది. చేరికల చివరి తేదీకి కనీసం 15 రోజుల ముందు మానుకుంటే, ఖర్చుల కింద నూటికి 5 రూపాయలకు మించి పట్టుకోరాదు. అదీ 5,000 దాటగూడదు. అంటే ఆ తల్లికి 19,000 రావాలి. ఆలస్యమైన కొద్దీ నూటికి 90, 80, 50 చొప్పున తగ్గుతుంది. చివరి తేదీ తర్వాత 30 రోజులు దాటితే ఏమీ రాదు. కొన్ని ఏళ్లలో యూజీసీ వేరే గడువులు కూడా ప్రకటించింది. అందుకే ఈ ఏటి గడువు అడిగి తెలుసుకోవాలి.

అసలు సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉంచుకోరాదు. చూసి తిరిగి ఇయ్యాలి.

మరి మనం ఏం చేయాలి?

ఫీజు రసీదు దాచుకోవాలి. మానుకుంటున్నామని కాగితం మీద రాసి, తేదీ వేసి ఇయ్యాలి. నోటిమాట చాలదు. నకలు మీద కాలేజీ ముద్ర వేయించుకోవాలి. 15 రోజుల్లో డబ్బు రావాలి. రాకపోతే కాలేజీ ఫిర్యాదుల కమిటీకి, ఆ తర్వాత యూజీసీకి రాయవచ్చు.

చేరే రోజున కాలేజీ నియమాలు చదవాలి. చదివిన తర్వాతే సంతకం చేయాలి. మనకు చదువు వచ్చింది. ఇక చదవకుండా సంతకం ఎందుకు?