బాగుచేసిన పాత కొయ్యపడవకు తగిన ధర ఎంత?

గోదావరి లంకలలో సేద్యము చేయు రైతుకు పడవ ఎద్దులబండి వంటిది. అరటిగెలలు, కూరగాయలు, పశువుల మేత, ఎరువుల బస్తాలు, కూలీలు, బడికి పోవు పిల్లలు - అన్నియు, అందరును దానిపైననే ఏరు దాటవలెను. ఎద్దును కొనునప్పుడు పళ్ళు చూచి, నడిపించి, కాడి కట్టి దున్నించి చూచెడి రైతు, పడవను కొనునప్పుడు మాత్రము పైరంగు చూచి బేరము కుదుర్చుకొనుట కద్దు. బండి త్రోవలో విరిగినచో సరకు దింపుకొనవచ్చును. పడవ నడి ఏటిలో విడిపోయినచో దిగుటకు చోటుండదు. కావున పాత పడవ ధర కేవలము డబ్బు లెక్క కాదు. ప్రాణముల లెక్క కూడ.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టా కాలువలపై కొయ్యపడవలు ధాన్యమును విస్తారముగా మోసినవి. తాళ్ళరేవు, కోరంగి ప్రాంతములు కొయ్య ఓడల నిర్మాణమునకు పేరుపొందినవి. తరువాత రోడ్లు, లారీలు వచ్చినవి. గాజునార పడవలును వచ్చినవి. మంచి కలప ప్రియమైనది. అందువలన పాత పడవను కొని, పలకలు మార్చి, రంగు వేసి అమ్మజూపుట లాభసాటి పనియైనది. ఇట్టి పడవలలో మంచివియు గలవు, మాయవియు గలవు. వానిని వేరుచేసి తగిన ధర కట్టు విధమును ఇచట వివరించుచున్నాము.

ధరకు మూలము ఏది?

అమ్మువారు సాధారణముగా చెప్పు మాట ఒకటి గలదు: "పడవను ఇంతకు కొంటిని, దీనిపై ఇంత ఖర్చుపెట్టితిని, నాకు ఇంత రావలెను." ఈ మాటలో అబద్ధము లేకపోవచ్చును. కాని పెట్టిన ఖర్చు వేరు, పడవకు వచ్చిన విలువ వేరు. కుళ్ళిన పలక తీసి చేవగల పలక వేసిన ఖర్చు పడవ ఆయుర్దాయమును పెంచును. కుళ్ళిన పలకపై లప్పము పూసి రంగు వేసిన ఖర్చు పడవకు ఒక్క దినమైనను ఆయువు పోయదు. కొనువాడు ఇచ్చు డబ్బు, ఆ పడవ ఇకమీదట ఎన్ని సంవత్సరములు నమ్మకముగా పనిచేయునో ఆ సంవత్సరములకు మాత్రమే. ఈ ఒక్క విషయమును మనసున నిలుపుకొన్నచో తక్కినదంతయు సులభము.

గట్టుమీద చేయవలసిన పరీక్ష

పడవను నీటిలో మాత్రమే చూపినచో బేరమునకు కూర్చుండరాదు. గట్టుమీదికి లాగించి, లోపలి అడుగుచెక్కలు తీయించి, బాగుగా ఆరిన తరువాత పగటి వెలుతురులో చూడవలెను. పడవలు కట్టు వడ్రంగిని ఒకనిని వెంట తీసికొనిపోవుట మేలు. ఆయన అమ్మువానికి పని చేసినవాడు కాకూడదు. ఆయనకిచ్చు ఒక పూట కూలి వృథా కాదు.

మీ చేతిలో ఒక చిన్న సుత్తి, ఒక గోనెలు కుట్టు దబ్బనము ఉన్న చాలును. సుత్తితో పలకలపై జానెడు జానెడు దూరమున మెల్లగా కొట్టుచు పొండు. గట్టి కొయ్య ఖంగుమని పలుకును. కుళ్ళిన కొయ్య బొద్దుగా పలుకును. శబ్దము మారినచోట దబ్బనముతో గ్రుచ్చి చూడుడు. చేవ గల కొయ్యలో మొన దిగుటకు బలము కావలెను. సులభముగా దిగినచో ఆ పలక పైకి ఎంత నిగనిగలాడినను పనికిరానిదే. ఇట్లు గ్రుచ్చి చూచుటకు అమ్మువాడు ఒప్పుకొననిచో, ఆ మాటనే జవాబుగా తీసికొని ఇంటికి రండు.

కుళ్ళు అన్నిచోట్ల సమానముగా పుట్టదు. ఎల్లప్పుడు నీటిలో మునిగియుండు భాగము కంటె తడియుట, ఆరుట మాటిమాటికి జరుగు భాగము త్వరగా చెడును. నీటిమట్టపు గీత వెంబడి, పలకలు కలియు ముందు మొనలోను వెనుక మొనలోను, వాననీరు నిలుచు మూలలలోను, పలకలు లోపలి వంపుకర్రలను ఆనుకొనియున్న చోట్లను ముందుగా పరీక్షింపవలెను. వంపుకర్రలు పడవకు పక్కటెముకలు. పలక మార్చుట తేలిక, ఎముక మార్చుట కష్టము. పాత విరిగిన వంపుకర్ర ప్రక్కన క్రొత్త ముక్క జోడించి మేకులు కొట్టియున్నచో ఎన్నిటికి అట్లు చేసిరో లెక్కపెట్టుకొనుడు.

తరువాత మేకులను చూడుడు. మేకు చుట్టును నల్లని మచ్చ యున్నచో ఇనుము తుప్పుపట్టి చుట్టుప్రక్కల కొయ్యను తినుచున్నదని అర్థము. పాత రంధ్రములోనే క్రొత్త మేకు కొట్టినచో అది పట్టు నిలుపదు. పడవ వెనుక నిలిచి ముందు మొన వైపు కంటితో బద్ద చూచినట్లు చూడుడు. అడుగున ఈ కొన నుండి ఆ కొనకు పురికొస బిగించి పట్టి, ఆకారము కట్టిన నాటి ఒరవడిలో ఉన్నదో లేదో వడ్రంగి చేత చెప్పించుడు. నడుము జారిన పడవను, మెలిక తిరిగిన పడవను రంగు సరిచేయలేదు.

కలపను కూడ అడిగి తెలిసికొనవలెను. టేకు పలకలు ఎక్కువ కాలము మన్నును. మామిడి వంటి మెత్తని కొయ్యతో అతుకులు వేసిన చోట అవి ముందుగా చెడును. టేకైనను చేవ లేని పైచెక్క నిలువదు. అడుగున సిమెంటు పోసినను, రేకు ముక్కలు కొట్టినను, పాత కొయ్యపై గాజునార పొర వేసినను జాగ్రత్తపడవలెను. తడి కొయ్యపై వేసిన పొర లోపలి తేమను బయటికి పోనీయక కుళ్ళును దాచును. ఉప్పునీటి కయ్యలలో తిరిగిన పడవైనచో మరియొక భయము గలదు. ఉప్పునీటిలో ఆల్చిప్పల జాతికి చెందిన ఒక పురుగువంటి ప్రాణి కొయ్యలోనికి చొచ్చి లోపల సొరంగములు తొలుచును. పైన గుండుసూది తలయంత రంధ్రమే కనబడును. లోపల పలక తేనెపట్టువలె ఉండును.

నీటిలో చేయవలసిన పరీక్ష

ఎండిన పడవను నీటిలోనికి దింపినప్పుడు కొంత నీరు కారుట సహజము. పలకలు నీరు త్రాగి ఉబ్బిన కొలది సందులు మూసుకొనును. కావున మొదటి దినపు కారుడు చూచి మంచి పడవను వదలుకొనవద్దు. రెండు దినములు నీటిలో ఉంచి, లోపలి నీరంతయు తోడివేసి, రాత్రి విడిచిపెట్టి, ఉదయమున ఎన్ని బొక్కెనల నీరు చేరెనో కొలువుడు. పిమ్మట మీరు సాధారణముగా వేయు బరువునకు సరిపడు ఇసుక బస్తాలు వేసి, ఒడ్డు ప్రక్కననే కొంతసేపు నడిపించి తిరిగి కొలువుడు. బరువు వేయగానే కారుడు హెచ్చినచో సందులు కదలుచున్నవని గ్రహింపవలెను. ఈ పరీక్షలో మనుష్యులను ఎక్కించి నడి ఏటికి పోరాదు.

లెక్క కట్టు విధము

ఈ దిగువ అంకెలు లెక్క తెలియుటకు మాత్రమే. మీ ఊరి ధరలను వానికి బదులు వేసికొనుడు.

అదే కొలతగల క్రొత్త పడవకు, యంత్రము లేకుండ, నేడు 2,00,000 రూపాయలు అగుననుకొందము. అది 20 సంవత్సరములు మన్నుననుకొన్నచో సంవత్సరమునకు 10,000 రూపాయల విలువ. మీరు చూచిన పడవ ఇంక 8 సంవత్సరములు పనిచేయునని వడ్రంగి చెప్పెను. అనగా 80,000 రూపాయలు. కాని పాత పడవకు క్రొత్తదానికంటె సంవత్సరమునకు 2,000 రూపాయల మరమ్మతు అధికముగా పట్టును. ఎనిమిది సంవత్సరములకు 16,000 తీసివేయగా 64,000. ఇప్పుడే రెండు పలకలు మార్చి, సందులు నింపుటకు 9,000 కావలెను. అది పోగా 55,000. యంత్రము, తెడ్లు, మోకులు విడిగా విలువకట్టగా 15,000. మొత్తము 70,000 రూపాయలు.

అమ్మువాడు చెప్పు లెక్క చూడుడు. పాత పడవ కొన్నది 40,000, కలప 30,000, కూలి 25,000, రంగులు, పైగూడు 15,000, తన లాభము 10,000, వెరసి 1,20,000. ఈ రెండు లెక్కల నడుమ 50,000 రూపాయల తేడా గలదు. అమ్మువాడు పాత పడవనే ఎక్కువకు కొనియుండవచ్చును. మార్చనక్కరలేని దానిని మార్చియుండవచ్చును. ఆ పొరపాటును మీరు మోయవలసిన పని లేదు.

మీ లెక్క సరియైనదో కాదో కిరాయితో సరిచూచుకొనుడు. సొంత పడవ వలన సంవత్సరమునకు 24,000 రూపాయల కిరాయి మిగులుననుకొందము. నూనె, మరమ్మతులకు 10,000 పోగా నికరము 14,000. పడవను 70,000కు కొని 9,000 మరమ్మతు చేయించినచో 79,000 రూపాయలు ఆరు సంవత్సరములలోపున తిరిగి వచ్చును. తరువాత రెండు సంవత్సరములకు పైగా లాభము. 1,20,000కు కొన్నచో మరమ్మతుతో 1,29,000 అగును. అది తీరుటకు తొమ్మిది సంవత్సరములు దాటవలెను. పడవ మన్నునది ఎనిమిదే! అప్పు తీరకముందే పడవ తీరిపోవును.

వంపుకర్రలు చెడి, ఆకారము జారిన పడవకు ఈ లెక్క వర్తింపదు. దాని ధర విడదీసి అమ్మిన కలప ధరయే. తక్కువకు వచ్చినదని దానిలో మనుష్యులను ఎక్కింపరాదు.

అమ్మువారికి ఒక మాట

న్యాయముగా పని చేసి అమ్మువారికి ఈ పరీక్షలు శత్రువులు కావు. పలకలు విప్పినప్పుడు, క్రొత్తవి వేయునప్పుడు ఫోటోలు తీసి ఉంచుడు. కలప, మేకులు కొన్న రసీదులు దాచుడు. రంగు వేయకముందే కొనువానిని పిలిచి చూపుడు. రంగులేని మంచి పలక, రంగువేసిన అనుమానపు పలక కంటె ఎక్కువ ధర తెచ్చును. మార్చని పాత భాగములేవో మీరే ముందుగా చెప్పినచో మీరడిగిన ధరకు నమ్మకము కలుగును.

కొనుటకు కాలము, కాగితము

గోదావరి వరద సాధారణముగా జూలై, ఆగస్టు నెలలలో వచ్చును. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చిన పెద్ద వరదలు లంకవాసులు ఎరిగినవే. ఎర్రనీరు తగిలిన తరువాత పడవ కొరకు తిరుగువానికి బేరమాడు బలముండదు. పరీక్షించుటకు తీరికయు ఉండదు. ఏరు తగ్గియున్న వేసవిలోనే చూచి కొనవలెను.

బేరము కుదిరినపుడు పడవ పొడవు, వెడల్పు, మార్చిన పలకలు, యంత్రపు నంబరు, ఇచ్చిన డబ్బు వ్రాసి ఇరువురును సాక్షులును సంతకములు చేయవలెను. యంత్రము గల పడవకు 2021 నాటి దేశీయ జలమార్గ నౌకల చట్టము క్రింద ఏ పత్రములు కావలెనో, సముద్రపు వేటలో వాడిన పడవైనచో మత్స్యశాఖ రిజిస్ట్రేషను ఎవరి పేర నున్నదో డబ్బు ఇవ్వకముందే విచారింపవలెను. గ్రామ రెవెన్యూ అధికారులు, పంచాయతీ పెద్దలు ఇట్టి బేరములలో సాక్షులుగా నిలుచునప్పుడు "పడవను గట్టుమీద చూచితిరా?" అని ఒక్క ప్రశ్న అడిగినచో ఎంతో మేలు చేసినవారగుదురు. ప్రాణరక్షక చొక్కాల ఖర్చును కూడ పడవ ఖర్చులోనే చేర్చుకొనుడు.

మిగిలిన ఆయుర్దాయమును వెలకట్టుడు, రంగును వెలకట్టకుడు. మీరు కొను పడవలో రేపు ఏరు దాటునది మీ పంట మాత్రమే కాదు, మీ ఇంటివారు కూడ.