కంప్యూటరులో జాగా ఎక్కడికి పోయింది?



మన ఆఫీసు గదిలోని కంప్యూటరు అందరికీ తెలిసిందే. ఇళ్లలో వాడుకునే మామూలు కంప్యూటరే అది. పోయిన నెల అది జాగా లేదని మొండికేసింది. పదో తరగతి ప్రాజెక్టు ఒక్క పేజీ కూడా సేవ్ కాలేదు. సి డ్రైవ్ చూస్తే 119 జీబీలో 2 జీబీయే మిగిలింది.

ఏదో ఒకటి తీసేయాలనుకున్నాం. సార్ల పాఠాల వీడియోలు 14 జీబీ ఉన్నాయి, కానీ అవి పరీక్షలకి కావాలి. ఆ తర్వాత కనిపించిన పెద్ద ఫోల్డరు "అవ్వల పాటలు", 11 జీబీ. సెలవుల్లో ఊళ్లకి వెళ్లినప్పుడు మన అవ్వలు, తాతలు పాడినవి ఫోన్లో తీసి తెచ్చాం కదా, అవన్నీ అందులోనే ఉన్నాయి. తీసేద్దామన్నది ఎవరో కాదు, నేనే. షిఫ్టు, డిలీటు కలిపి నొక్కబోయాను. అలా నొక్కితే చెత్తబుట్టలోకి కూడా వెళ్లదు, నేరుగా పోతుంది. "ఆగరా! ముందు జాగా ఎవరు తింటున్నారో లెక్క తేల్చు" అని కంప్యూటరు సారు ఆపారు.

లెక్క తేలడానికి రెండు సాయంత్రాలు పట్టింది. అప్పుడు నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మొదటి సందేహం: డబ్బా మీద 128, లోపల 119 ఎందుకు?

ఇందులో మోసం ఏమీ లేదు. డిస్కు తయారు చేసేవాళ్లు 1 జీబీ అంటే 100 కోట్ల బైట్లు అని లెక్క వేస్తారు. విండోస్ 1024ని మూడుసార్లు హెచ్చించి 107 కోట్ల 37 లక్షల 41 వేల 824 బైట్లని 1 జీబీ అంటుంది. అవే వడ్లు పెద్ద కుంచంతో కొలిస్తే కుంచాల లెక్క తగ్గుతుంది, వడ్లు తగ్గవు. ఇదీ అంతే.

రెండో సందేహం: లెక్క ఎందుకు కలవలేదు?

సి డ్రైవ్‌లో కనిపించే ఫోల్డర్లన్నీ ఎంచుకుని, కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్ చూశాం. మొత్తం 68 జీబీ వచ్చింది. కానీ వాడినది 117 అని చూపిస్తోంది. మరి 49 జీబీ ఏమైంది?

మన స్టోరు గది గుర్తు తెచ్చుకోండి. స్టాకు రిజిస్టరులో బియ్యం బస్తాలే ఉంటాయి. తలుపు వెనకున్న విరిగిన ట్రంకు పెట్టెలు, ఖాళీ గోనెలు రిజిస్టరులో ఉండవు. అయినా జాగా ఆక్రమిస్తాయి. కంప్యూటరులోనూ దాచి ఉంచిన ఫైళ్లు కొన్ని ఉంటాయి. మనకి అనుమతి లేని ఫోల్డర్లు కూడా ఉంటాయి. వాటిని ప్రాపర్టీస్ లెక్కలో కలపదు. అందుకే తేడా.

విన్‌డిర్‌స్టాట్ అనే ఉచిత ప్రోగ్రాముని సారు అడ్మినిస్ట్రేటరుగా తెరిచారు. ఏ ఫైలు ఎంత జాగా తింటోందో అది రంగు రంగుల గళ్లలో చూపిస్తుంది. గడి ఎంత పెద్దదైతే ఫైలు అంత పెద్దది. అలా దొరికిన దొంగలు వీళ్లు:

1. చెత్తబుట్ట, 20 జీబీ. డిలీట్ చేసినవి బుట్టలో ఉన్నంతకాలం జాగా తింటూనే ఉంటాయి. అసలు సంగతి ఏమిటంటే, ఒక్కో యూజర్ అకౌంటుకి ఒక్కో బుట్ట ఉంటుంది! మన బుట్ట ఖాళీ చేశాం గానీ, పాస్ అయి వెళ్లిపోయిన అన్నల మూడు అకౌంట్ల బుట్టలు నిండుగా ఉన్నాయి. అన్నీ పాత సినిమాలు.

2. రిస్టోర్ పాయింట్లు, 10 జీబీ. కంప్యూటరు చెడిపోతే పాత స్థితికి తీసుకెళ్లడానికి విండోస్ దాచుకునే గుర్తులివి. ఇవి ఉండే ఫోల్డరు అడ్మినిస్ట్రేటరుకి కూడా మామూలుగా తెరుచుకోదు. సిస్టమ్ ప్రొటెక్షన్ పేజీలో కాన్ఫిగర్ నొక్కితే ఎంత వాడుతోందో తెలుస్తుంది. అక్కడే గీతని జరిపి 4 జీబీకి తగ్గించాం. పూర్తిగా ఆపలేదు, ఆపకూడదు కూడా.

3. హైబర్నేషన్ ఫైలు, 3 జీబీ. కంప్యూటరుని హైబర్నేట్ చేసినప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా ఇందులోకి రాస్తుంది. మనం ఎప్పుడూ అలా చేయం, షట్‌డౌన్ చేస్తాం. అందుకని సారు ఒక కమాండు ఇచ్చి దాన్ని ఆపేశారు. ఇప్పుడు ఆన్ కావడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, అంతే. ల్యాప్‌టాప్ వాడేవాళ్లు దీన్ని ఉంచుకోవడమే మేలు.

4. పేజ్ ఫైలు, 6 జీబీ. ర్యామ్ చాలనప్పుడు కంప్యూటరు వాడుకునే జాగా ఇది. దీని జోలికి పోలేదు.

5. అన్నల అకౌంట్లు, 10 జీబీ. వీటిలో సినిమా పాటలతో పాటు స్కాన్ చేసిన మార్కుల మెమోలు, కుల ధ్రువపత్రాలు ఉన్నాయి! చూడకుండా తీసేసి ఉంటే? వాటిని పెన్ డ్రైవులోకి ఎక్కించి వార్డెన్ గారికి ఇచ్చాం. మిగతా 7 జీబీ తీసేశాం.

చివరికి డిస్క్ క్లీనప్ తెరిచి, క్లీనప్ సిస్టమ్ ఫైల్స్ నొక్కాం. తాత్కాలిక ఫైళ్లు, పాత అప్‌డేట్ల మిగులు పోయి ఇంకో 5 జీబీ వచ్చింది. ఒక జాగ్రత్త: విండోస్ 10 కొన్ని వెర్షన్లలో ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అని కూడా ఉంటుంది. దానికి టిక్ పెడితే మనం దించుకున్నవన్నీ పోతాయి. ప్రతి గీత చదివాకే టిక్ పెట్టండి. విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డర్లలో చేత్తో ఏదీ తీయకండి.

లెక్క చూడండి. బుట్టలు 20, రిస్టోర్ 6, హైబర్నేషన్ 3, అకౌంట్లు 7, క్లీనప్ 5. మొత్తం 41. ముందున్న 2 కలిపితే 43 జీబీ ఖాళీ! "అవ్వల పాటలు" ఒక్కటి కూడా తీయలేదు.

ఆ ఫోల్డరులో మూడో పాట పాడిన అవ్వ పోయిన ఏడాది చనిపోయింది. ఆ పాట వాళ్ల ఊళ్లో ఇంకెవరికీ పూర్తిగా రాదట. ఆమె మనవడు మన ఎనిమిదో తరగతిలోనే ఉన్నాడు. ఆ రోజు నేను బటన్ నొక్కి ఉంటే వాడికి ఏమని చెప్పేవాడిని?

అందుకే ఒక్కటి గుర్తు పెట్టుకోండి. కంప్యూటరు మళ్లీ తయారు చేసుకోగలిగినదాన్ని తీసేయవచ్చు. మనుషులు మళ్లీ చేయలేనిదాన్ని ముందుగా ఇంకోచోట దాచాలి. ఇప్పుడు ఆ పాటలు రెండు పెన్ డ్రైవుల్లో ఉన్నాయి. ఒకటి వార్డెన్ గారి బీరువాలో, ఇంకొకటి కంప్యూటరు సారు దగ్గర.

సందేహాలు ఉంటే కింద అంటించిన తెల్లకాగితం మీద రాయండి. వచ్చే సంచికలో జవాబు రాస్తాను.

— పదో తరగతి విద్యార్థి, 4వ నంబరు గది