జార్ రేవు చీటీలు

సరుకు పండిన చోటు నుండి తినేవాని ఇంటి వరకు ఎన్ని చేతులు మారాలి, ఏ చేతిపై ఎంత బాధ్యత ఉండాలి అన్నది నేటి వ్యాపార శాస్త్రం క్రొత్తగా కనిపెట్టిన ప్రశ్న కాదు. హిజ్రీ మొదటి శతాబ్దంలోనే మదీనా నగరం దీనిని ఎదుర్కొన్నది.

హిజ్రీ 18 (క్రీ.శ. 639)లో హిజాజ్‌ను తీవ్రమైన కరువు పీడించింది. ఆ ఏటికి 'ఆముర్ రమాదా', అంటే బూడిద సంవత్సరం అనే పేరు నిలిచిపోయింది. హజ్రత్ అబూ ఉబైదా (రజి) 4,000 ఒంటెలపై ఆహారధాన్యం తెచ్చారని తబరీ వ్రాశాడు. కాని ఒంటెల బిడారులతో ఒక నగరాన్ని ఎంతకాలం పోషించగలరు? ఈజిప్టు వశమైన తరువాత ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఆజ్ఞపై హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) పూడిపోయిన పురాతన కాలువను తిరిగి త్రవ్వించారు. ఫుస్తాత్ వద్ద నైలు నుండి నేటి సూయజ్ సమీపంలోని ఖుల్జుమ్ రేవు వరకు పడవలు నడిచాయి. అక్కడ ఓడలకెక్కిన ధాన్యం ఎర్రసముద్రం మీదుగా వచ్చి, మదీనాకు రేవుపట్టణమైన జార్‌లో దిగేది.

జార్‌లో గిడ్డంగులు వెలిశాయి. ఎవరికెంత ధాన్యం చెందాలో పట్టిక వ్రాసి, పపైరస్ చీటీలు తయారుచేసి, అడుగున ముద్ర వేసే పని హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కు అప్పగించబడిందని చరిత్రకారుడు యాఖూబీ కథనం. ఈ చీటీ పేరు 'సక్', బహువచనం 'సుకూక్'. నేటి ఆర్థిక విపణిలో వినబడే సుకూక్ కూడా ఈ మాటే.

ఏర్పాటు చక్కనిదే. చిక్కు ఎక్కడంటే, ధాన్యం బరువైనది, చీటీ తేలికైనది. ప్రజల కొరకు ఉమర్ (రజి) ఏర్పాటు చేసిన ధాన్యాన్ని హకీమ్ బిన్ హిజామ్ (రజి) కొని, చేతికి రాకముందే అమ్మివేశారు. ఖలీఫా ఆ అమ్మకాన్ని త్రిప్పివేశారు. మర్వాన్ మదీనా గవర్నరుగా ఉన్న కాలానికి ఇది బజారు వాడుకగా మారింది. ధాన్యం జార్‌లోనే ఉండగా చీటీలు చేతులు మారుతున్నాయి. అప్పుడు మర్వాన్ వద్దకు వెళ్ళి 'వడ్డీని ధర్మసమ్మతం చేస్తున్నారా' అని నిలదీసినవారు మరెవరో కాదు, మొదటి చీటీలు వ్రాసిన ఆ జైద్ (రజి)యే. ఆయన వెంట మరొక సహాబీ ఉన్నారు. (సహీహ్ ముస్లిమ్ ఉల్లేఖనంలో హజ్రత్ అబూ హురైరా (రజి) పేరు కనిపిస్తుంది.) మర్వాన్ భటులను పంపి చీటీలను లాక్కొని అసలు హక్కుదారులకు ఇప్పించాడు. ఈ వృత్తాంతం ఇమామ్ మాలిక్ గారి మువత్తాలో ఉంది.

ధాన్యం అమ్మకంలో వడ్డీ మాట ఎందుకు వచ్చింది? హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వివరణ ప్రకారం, సరుకు వెనుకనే ఉండిపోయి డబ్బుకు డబ్బు మారుతున్నది గనుక. మధ్యవాడు మోయలేదు, కొలవలేదు, నష్టభయం పడలేదు. అతని లాభం మాత్రం చివరకు రొట్టె కొనేవాని ధరలో చేరింది.

ఒక సూక్ష్మం గమనించదగినది. చీటీ ఎవరి పేర వచ్చిందో అతడు అమ్ముకోవచ్చునని, అతని వద్ద కొన్నవాడే స్వాధీనానికి ముందు తిరిగి అమ్మరాదని ఇమామ్ నవవీ వివరించారు. మొదటివానిది కొనుగోలు కాదు, దత్తమైన హక్కు. ఈ నియమం ఇమామ్ మాలిక్ దృష్టిలో ఆహారపదార్థాలకు, ఇమామ్ షాఫయీ దృష్టిలో సమస్త వస్తువులకు, ఇమామ్ అబూ హనీఫా దృష్టిలో భూమివంటి స్థిరాస్తి మినహా తక్కిన సరుకులకు వర్తిస్తుంది.

స్వాధీనమంటే బస్తాను భుజాన వేసుకోవడమేనా? అలా పట్టుబడితే నేటి వర్తకం సాగదు. 1990లో జిద్దాలో సమావేశమైన ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, సరుకును కొన్నవాని అధీనంలో ఉంచి, దానిపై వ్యవహరించే వీలు కల్పిస్తే అదీ స్వాధీనమేనని తీర్మానించింది. మిర్యాలగూడలో ఒక గిడ్డంగిలో 1,000 బస్తాల బియ్యం ఉన్నాయనుకుందాం. 100 కొన్నవాడు వాటిని తూకం వేయించి, వేరు చేయించి, ఆ రాత్రి నిప్పంటుకుంటే నష్టం తనదే అయ్యే స్థితికి వస్తే, బస్తా కదలకపోయినా మరునాడు అమ్మవచ్చు. 1,000లో ఏ 100 తనవో తెలియకుండా రసీదు మాత్రమే చేతబట్టుకొని అమ్మజూపితే, జైద్ (రజి) మర్వాన్ గుమ్మం ఎక్కింది అటువంటి బేరం మీదనే.