విమానం మురుగునీటిలో వైరస్ జాడ

ఢిల్లీలో తొలి కోవిడ్ కేసు 2020 మార్చి 2న వెల్లడైంది. బాధితుడు ఫిబ్రవరి చివరి వారంలో ఐరోపా నుంచి విమానంలో తిరిగి వచ్చిన వ్యక్తి. విమానాశ్రయంలో శరీర ఉష్ణోగ్రతను కొలిచే యంత్రాలు జ్వరం ఉన్నవారినే గుర్తించగలవు. వైరస్ సోకినా జ్వరం ఇంకా మొదలుకాని వారు వాటికి అందరు.

అలాంటి వైరస్ రాకను ముందుగా పసిగట్టేందుకు తోడ్పడేదే విమానాల మురుగునీటి పరీక్ష.

కోవిడ్ సోకిన పలువురి మలంలో, లక్షణాలు లేకపోయినా, వైరస్ జన్యుపదార్థం ఉంటుంది. సుదూర ప్రయాణాల్లో వందలాది మంది వాడిన మరుగుదొడ్ల వ్యర్థాలు విమానంలోని ట్యాంకులకు చేరతాయి. విమానం దిగాక వాటిని ఖాళీ చేసే సమయంలో కొంత నీటిని సేకరించి ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష జరుపుతారు. వైరస్ కనిపిస్తే, జన్యుక్రమాన్ని విశ్లేషించి అది ఏ రకమో తెలుసుకునే ప్రయత్నం చేస్తారు. ఇందుకోసం ఏ ప్రయాణికుడినీ ఆపనవసరం లేదు, పేరు అడగనవసరం లేదు.

ఆస్ట్రేలియా పరిశోధకులు 2020 డిసెంబరు నుంచి 2021 మార్చి వరకు, స్వదేశానికి తిరిగి వచ్చేవారితో డార్విన్ చేరిన 37 విమానాల మురుగునీటిని పరీక్షించారు. చిన్న పిల్లలు మినహా ప్రయాణికులందరికీ బయలుదేరే ముందు జరిపిన పరీక్షల్లో వైరస్ లేదని తేలింది. అయినా 24 విమానాల నీటిలో దాని ఆనవాళ్లు కనిపించాయి. మొత్తం 6,570 మంది ప్రయాణికుల్లో 112 మందికి తర్వాత క్వారంటైన్‌లో కోవిడ్ నిర్ధారణ అయింది.

మురుగునీటిపై నిఘా మనకు కొత్త కాదు. పోలియో వైరస్ కోసం ముంబయిలో 2001 నుంచి, ఢిల్లీలో 2010 నుంచి మురుగునీటిని పరీక్షిస్తున్నారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు 2020లో నగర మురుగునీటి ఆధారంగా సుమారు 6.6 లక్షల మందికి కోవిడ్ సోకి ఉంటుందని అంచనా వేశారు.

అయితే ఈ విధానానికీ పరిమితులున్నాయి. వైరస్ ఎవరికి సోకిందో ఈ నీరు చెప్పదు. స్వల్ప దూర ప్రయాణాల్లో మరుగుదొడ్డి వాడేవారు తక్కువ కనుక, నీటిలో వైరస్ కనిపించనంత మాత్రాన విమానంలో రోగులు లేరని భావించరాదు. ట్యాంకు పూర్తిగా శుభ్రపడకపోతే గత ప్రయాణపు ఆనవాళ్లూ మిగిలి ఉండవచ్చు.

అందువల్ల ఇది రోగనిర్ధారణ కాదు, ముందస్తు హెచ్చరిక మాత్రమే. ఆ హెచ్చరిక సకాలంలో ఆసుపత్రులకు, ప్రయోగశాలలకు చేరి, అవి సన్నద్ధమైనప్పుడే ప్రజలకు రక్షణ.