గుడ్డు లేదు... పాలు లేవు... అయినా బ్రౌనీకి లోటు లేదు!

గుడ్డూ వెన్నా లేకుండా బ్రౌనీ కుదురుతుందా? భేషుగ్గా కుదురుతుంది. అవి చేసే పనేమిటో తెలిస్తే చాలు, ఆ పని చేసిపెట్టే సరుకులు మన వంటింట్లోనే ఉన్నాయి.

పుట్టినరోజు వేడుకలో పిల్లలందరూ బ్రౌనీలు తింటుంటే, గుడ్డు పడని పిల్లాడికి చిప్స్ ప్యాకెట్ ఇచ్చి సరిపెడతాం. పోనీ ‘ఎగ్‌లెస్’ తెప్పిద్దామంటే పాలు పడని పాపకు అదీ పనికిరాదు. మన దగ్గర గుడ్డు మానేసిన చోట సాధారణంగా కండెన్స్‌డ్ మిల్కో, పెరుగో వచ్చి చేరుతుంది మరి! అలర్జీలున్నవారూ, జంతు ఉత్పత్తులేవీ తినని వీగన్లూ అందరితో కలిసి తినాలంటే రెండూ లేని బ్రౌనీ కావాలి. అది రుచిలోనూ వెనకబడకూడదు. అందరికీ పెట్టేది ఒకటే అయినప్పుడే కదా విందుకు నిండుదనం!

బ్రౌనీయే ఎందుకంటే...

బ్రౌనీ పుట్టిల్లు అమెరికా. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనకు వచ్చే మహిళల కోసం బెర్తా పామర్ కోరిక మేరకు తమ వంటవారు దీన్ని తయారుచేశారని అక్కడి పామర్ హౌస్ హోటల్ చెబుతుంది. స్పాంజి కేకు గుల్లగా పొంగాలంటే గిలకొట్టిన గుడ్డులోని గాలి కావాలి. బ్రౌనీకి అంత పొంగుతో పనిలేదు. ఒత్తుగా, మెత్తగా, కాస్త తడిగా ఉండటమే దాని అందం. అందుకే గుడ్డు మానేసినా పెద్దగా నష్టపోదు. ఇలాంటి వంట కొత్తదేమీ కాదు. సరుకులకు కటకటలాడిన కాలంలో అమెరికా ఇల్లాళ్లు కోకో, వెనిగర్, వంటసోడాలతో చేసుకున్న ‘వ్యాకీ కేకు’లో గుడ్లూ పాలూ వెన్నా ఏవీ ఉండవు.

ఎవరి పని ఎవరికి?

బ్రౌనీలో గుడ్డుకు ముఖ్యంగా మూడు పనులు. పిండిని విడిపోకుండా పట్టి ఉంచుతుంది. నూనెనూ నీటినీ కలిపి ఉంచుతుంది. వేడికి గట్టిపడి ముక్కకు ఆకారాన్నిస్తుంది. మొదటి రెండింటికీ అవిసె గింజలు చాలు. టేబుల్ స్పూన్ పొడిలో మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచితే బెండకాయ జిగురులా సాగుతుంది. ఒక గుడ్డుకు ఇది బదులు. గింజలను పొడి చేయకుండా వేస్తే మాత్రం అంత ఫలితం ఉండదు. ఇక మూడో పని మైదాలోని పిండిపదార్థానిదీ, చల్లారి గడ్డకట్టే చాక్లెట్‌దీ.

కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీళ్లదీ ఇదే దారి. అవి గుడ్డు తెల్లసొనలా నురగకడతాయని 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచ్ గాయకుడు గుర్తించాడు. మరుసటి ఏడాది గూస్ వోల్ట్ అనే అమెరికన్ దానికి ‘ఆక్వాఫాబా’ అని పేరు పెట్టాడు. మూడు టేబుల్ స్పూన్లు ఒక గుడ్డుకు సమానం.

వెన్నలో దాదాపు 80 శాతం కొవ్వు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరే. కాబట్టి 100 గ్రాముల వెన్నకు 80 గ్రాముల నూనె సరిపోతుంది. పొద్దుతిరుగుడు నూనెతో చేస్తే ఫ్రిజ్‌లో పెట్టినా మెత్తగానే ఉంటుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల లోపు గడ్డకడుతుంది కాబట్టి కొరికితే గట్టిగా తగులుతుంది. పాలకు బదులు వేడివేడి కాఫీ డికాక్షన్ పోయండి, కోకో ఘుమఘుమ రెట్టింపవుతుంది.

ఆకుపచ్చ గుర్తు ఒక్కటే చాలదు

ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు ఉంటే గుడ్డు లేదని అర్థం, పాలు లేవని కాదు. డార్క్ చాక్లెట్‌లోనూ పాలపొడో, పాలకొవ్వో ఉండొచ్చు. వీగన్ ఆహారానికి 2022లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రత్యేక నిబంధనలు తెచ్చింది, విడిగా ఒక గుర్తూ ఉంది. అలర్జీ ఉన్నవారి కోసమైతే పదార్థాల జాబితాతో పాటు అలర్జీ హెచ్చరికనూ తప్పక చదవాలి.

ఇక మంచి చాక్లెట్ సంగతికొస్తే, కోకో సాగులో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం. గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా పండిన గింజలతో ఇప్పుడు హైదరాబాద్‌లోనే మేలురకం చాక్లెట్ తయారవుతోంది. పాలు అడ్డురాని బ్రౌనీలో ఆ గింజ అసలు రుచి నేరుగా నాలుకకు అందుతుంది.

ఇలా చేయండి

కావలసినవి: మైదా 125 గ్రా., కోకో పొడి 50 గ్రా., చక్కెర 200 గ్రా., పాలు లేని డార్క్ చాక్లెట్ 100 గ్రా., నూనె 100 మి.లీ., వేడి డికాక్షన్ 120 మి.లీ., అవిసె పొడి 2 టేబుల్ స్పూన్లు, నీళ్లు 6 టేబుల్ స్పూన్లు, బేకింగ్ పౌడర్ అర టీస్పూన్, చిటికెడు ఉప్పు.

తయారీ: అవిసె పొడిని నీళ్లలో నానబెట్టాలి. చాక్లెట్ ముక్కలు, కోకో మీద డికాక్షన్ పోసి కరిగేదాకా కలపాలి. అందులో చక్కెర, తర్వాత అవిసె జిగురు వేసి, నూనెను కొద్దికొద్దిగా పోస్తూ గిలకొట్టాలి. మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు జల్లించి వేసి, పొడి కనిపించనంతవరకే కలపాలి. ఎక్కువ కలిపితే సాగుతుంది. 20 సెం.మీ. చదరపు ట్రేలో కాగితం పరిచి, పిండి పోసి, ముందే వేడిచేసిన ఒవెన్‌లో 175 డిగ్రీల వద్ద 25 నుంచి 30 నిమిషాలు ఉంచాలి. పుల్ల గుచ్చితే కాస్త తడి పలుకులు అంటుకోవాలి. శుభ్రంగా వచ్చిందంటే ఎక్కువ కాలినట్టే. రెండు గంటలైనా చల్లారనిచ్చి కోయాలి. తొందరపడితే ముక్క విరిగిపోతుంది.

ఇష్టమైతే అక్రోట్లో, వేయించిన వేరుశనగలో కలపొచ్చు. తినేవారిలో ఎవరికైనా అవి పడవేమో ముందే అడిగి మరీ కలపండి.