పేలుడు కంపనాల పటం

రామగుండం, మణుగూరు ప్రాంతాలలో సింగరేణి ఓపెన్‌కాస్టు గనులున్నాయి. ఇటువంటి గనుల దగ్గర ఉండేవారికి పేలుడు వేళ ఇల్లు అదరడం అనుభవమే. గోడ పగిలితే, “ఇది పేలుడు వల్లనేనా?” అని మీరు అడుగుతారు. జవాబు చెప్పాలంటే ముందు కొలత కావాలి. ఆ కొలతలను ఊరి పటంపై ఎలా చూపుతారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. నేల ఎందుకు అదురుతుంది?
బొగ్గుపై ఉన్న రాతికి వరుసగా రంధ్రాలు వేసి, పేలుడు మందు నింపి పేలుస్తారు. దాని శక్తిలో కొంత రాతిని పగలగొడుతుంది. కొంత అలలుగా నేలలో వ్యాపిస్తుంది. అదురు తగ్గడానికి రంధ్రాలను సెకనులో కొన్ని వెయ్యోవంతుల ఎడంతో ఒకదాని తరువాత ఒకటి పేలుస్తారు. కాబట్టి మొత్తం మందు కన్నా ఒకే క్షణంలో పేలే మందు ముఖ్యం.

2. ఎలా కొలుస్తారు?
సీస్మోగ్రాఫ్ అనే పరికరాన్ని ఇంటి పునాది పక్కన నేలలో అమర్చుతారు. నేల కదిలే గరిష్ఠ వేగాన్ని సెకనుకు మిల్లీమీటర్లలోను, సెకనుకు ఎన్నిసార్లు ఊగిందో హెర్ట్జ్‌లలోను అది నమోదు చేస్తుంది.

3. పటం ఎలా గీస్తారు?
వేర్వేరు దిశలలో, దూరాలలో కొలతలు తీసుకుంటారు. దూరాన్ని, ఒకే క్షణంలో పేలిన మందు బరువు వర్గమూలంతో భాగిస్తారు.

ఉదాహరణ:
300 మీటర్లు, 100 కిలోలు: 300 ÷ 10 = 30
600 మీటర్లు, 400 కిలోలు: 600 ÷ 20 = 30

రాతి స్వభావం ఒకటే అయితే రెండుచోట్లా అదురు దాదాపు సమానం. అంటే గని మీ ఊరికి సగం దూరానికి జరిగితే, అదురు పెరగకుండా ఉండాలంటే మందును నాలుగోవంతుకు తగ్గించాలి.

సమాన కంపనం గల చోట్లను గీతలతో కలిపితే పటం తయారవుతుంది. చెరువులో రాయి వేసినప్పటి అలల వలె ఈ గీతలు గుండ్రంగా ఉండవు. రాతి పొరలు, పగుళ్ళు, మెత్తని నేల వాటి ఆకారాన్ని మారుస్తాయి.

4. హద్దు ఎంత?
గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997 సర్క్యులర్ ప్రకారం, గనికి చెందని నివాసగృహాలకు హద్దులు (సెకనుకు మిల్లీమీటర్లలో):
8 హెర్ట్జ్ లోపు: 5
8 నుండి 25 హెర్ట్జ్: 10
25 హెర్ట్జ్ పైన: 15

నెమ్మది ఊపు ఇంటి సహజమైన ఊపుతో కలిసి దానిని ఎక్కువగా కదిలిస్తుంది. అందుకే దానికి హద్దు తక్కువ.

గుర్తుంచుకోండి: గని ముందుకు జరిగితే పాత పటం చాలదు, మళ్ళీ కొలవాలి. మీ గోడల ఫోటోలు తేదీతో ముందే తీసి ఉంచుకుంటే, తరువాతి పగుళ్ళను కొలతలతో పోల్చి చూడవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
దూరం 200 మీటర్లు, మందు 25 కిలోలు. పై ఉదాహరణ కన్నా అదురు ఎక్కువా, తక్కువా?
జవాబు: 200 ÷ 5 = 40. భాగఫలం పెరిగింది కనుక అదురు తక్కువ.